సాఫ్ నీళ్లు

హుస్సేనీ ఆలం, హైదరాబాద్
16 నవంబర్ 2025, ఆదివారం

గౌరవనీయులైన అమలక్కకు,

తనూజ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మా అమ్మ రాజమణి, నేను, మా పాల దుకాణం, దుకాణం మెట్ల మీద పొద్దస్తమానం నిద్రపోయే పిల్లి, అందరం క్షేమం. సంతోష్‌నగర్‌లో మీరూ, మీ అమ్మగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ కడుపునొప్పి పూర్తిగా తగ్గిందా, లేక ఇంకా పథ్యం కూడే తింటున్నారా అని అడగాలనుంది. అడిగే ముఖం మాత్రం నాకు లేదు.

ఒకే ఊళ్లో ఉంటూ, రెండు బస్సులు మారితే చేరే ఇంటికి ఉత్తరమేమిటని మీరు నవ్వుతారు. ఫోన్ కూడా చేశానక్కా. దసరాకు చేసినప్పుడు మీ గొంతు వినగానే అమ్మ మోకాళ్ల గురించి, గల్లీలో తవ్వి వదిలేసిన గుంత గురించి పావుగంట మాట్లాడి పెట్టేశాను. వాట్సప్‌లో రాద్దామంటే మన నడకల గ్రూపులోంచి మీరు వెళ్లిపోయి ఏడాది దాటింది. అందుకే ఒక నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాను. ఎనిమిదో క్లాసులో మీరు మాకు పీటీ మేడంగా ఉన్నప్పుడు నా చేతిరాత చూసి కోడి గీకినట్టుందన్నారు. కోడి ఇంకా అలాగే గీకుతోంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఇక్కడి సంగతులు. ధూల్‌పేట్ రచనకు నర్సింగ్ సీటు వచ్చింది. ఆ అమ్మాయి గుర్తుంది కదా, కొండెక్కుతూ ప్రతి పది అడుగులకూ కూర్చుండిపోయే పిల్ల. ఈసారి వినాయకుల సీజన్లో వాళ్ల నాన్నకు విగ్రహాలకు రంగులు వేయడంలో సాయం చేసి, నెల రోజులు నీలం చేతులతో తిరిగింది. మా అమ్మ దుకాణంలో కొత్త ఫ్రిజ్ పెట్టించింది. దాన్ని తుడవడమే తప్ప తెరవనివ్వడం లేదు.

ఇక అసలు విషయం. మొన్న గురువారం మన జట్టు శ్రీహిత పెరుగు కోసం దుకాణానికి వచ్చింది. డిసెంబర్‌లో మన ఆడపిల్లల జట్టు మళ్లీ నల్లమల అడవికి వెళ్లాలనుకుంటోందని, ఈ నెల ఇరవై ఐదులోపు లీడర్ పేరు రాసిస్తేనే పర్మిషన్ వస్తుందని చెప్పింది. మిమ్మల్ని అడిగితే రానన్నారట. అక్కకు మస్తు చెప్పినం, ఒప్పుకుంటలేదు అని ముఖం చిన్నబుచ్చుకుంది. మీరు వాళ్లతో అన్న మాట కూడా చెప్పింది. ఒక్క మాట సక్కగ అడగరానిదాన్ని, గట్లాంటిదాన్ని నమ్మి పదిమంది ఆడపిల్లలు అడవికి ఎట్ల వస్తరు అన్నారట.

ఆ మాట విన్నాక నా చేతిలో ఉన్న పెరుగు ప్యాకెట్ శ్రీహితకు ఇవ్వడం కూడా మరిచిపోయాను. పిల్ల నవ్వుతూ లాక్కుని వెళ్లింది. మీరు రాకపోతే వాళ్లు వెళ్లరు. వేరే ఎవరు తీసుకెళ్తామన్నా ఇళ్లలో పంపరు. అమల మేడం ఉంటేనే అనే మాట మీద కదా పాతబస్తీ తల్లులు తమ పిల్లలను వీపున సంచులు వేసి పంపింది. నన్ను మా అమ్మ పంపింది కూడా ఆ మాట మీదే.

మొదటిసారి మీతో వచ్చినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మేడం అని పిలిస్తే, అడవిలో మేడం ఎవరు, అక్క అను అని కసిరారు. ఆ రోజు నీళ్లు కాచమని నాకు చిన్న గ్యాస్ స్టవ్ ఇచ్చారు. నేను గిన్నె ముందు గొంతుక్కూర్చుని పొంగు కోసం ఎదురుచూశాను. పుట్టినప్పటినుంచి పాలు కాచే ఇంట్లో పెరిగినదాన్ని. పొంగు వస్తే దించాలి, అదొక్కటే నాకు తెలుసు. నీళ్లు కుతకుతమంటున్నాయి, ఆవిరైపోతున్నాయి, పొంగు మాత్రం రాదు. సగం గిన్నె ఇంకిపోయాక మీరు వచ్చి చూసి పడీ పడీ నవ్వారు. ఏంది పిల్లా, గవేమన్న పాలా పొంగనీకి, నీళ్లు పొంగయి, మరుగుతయి, బాగా మరగబట్టినంక ఒక నిమిషం ఉంచి దించు, ఉన్న గ్యాసంతా ఊదేస్తివి అన్నారు. ఆ కథ తర్వాత ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. నాకు కోపం రాలేదు, నా గురించి ఒక కథ ఉందని సంబరపడ్డాను.

రెండోసారి మా ఇంట్లో పాలు వడగట్టే బట్ట పట్టుకొచ్చాను. నాలుగు మడతలు వేసి వాగు నీళ్లు పోస్తే ఇసుక, ఆకుముక్క, పురుగూ అన్నీ పైనే ఆగాయి. బాటిల్ ఎండకెత్తి చూసి, తనూజా, నువ్వు దొరికినవు నాకు అన్నారు. అప్పటినుంచి నీళ్ల పని నాదే. పద్ధతంతా మీరే నేర్పారు. పైనుంచి పశువులు దిగని చోట, పారే నీరు పట్టాలి. వడగట్టాలి. క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి, నీరు చల్లగా ఉంటే ఇంకాస్త ఆగాలి. దవాఖాన వాసన అని పిల్లలు ముక్కు మూసుకుంటే నిమ్మకాయ పిండొచ్చు, కానీ అరగంట గడిచాకే, ముందే పిండితే మందు బలం చచ్చిపోతుంది. మాత్రలు లేనినాడు మరిగించాలి. వడగట్టిన నీరు చూడ్డానికి బాగుంటుంది, అంతమాత్రాన తాగడానికి బాగుండదు అని మీరు ఎన్నిసార్లు చెప్పారో. కంటికి కనపడేది బట్ట ఆపుతుంది, కనపడనిది మాత్ర చంపుతుంది అని రచన చేత నోట్‌బుక్కులో రాయించారు కూడా.

ఆ చివరిసారి వెళ్లింది 2023 డిసెంబర్‌లో. పొద్దున బయలుదేరేటప్పుడు కొత్త పిల్లలు నీళ్ల గురించి భయపడుతుంటే, వాళ్లందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, తనూజ ఉన్నంక నీళ్ల ఫికర్ నాకు లేదు, మీకూ వద్దు అన్నారు. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు. మా ఇంట్లో నన్ను మెచ్చుకోవడమంటే తిట్టకపోవడం. మీరేమో పదిమంది ముందు పేరు పెట్టి చెప్పారు.

సాయంత్రం నాలుగున్నరకు వాగు దగ్గర ఆగాం. మీరు పైన బండ మీద టెంట్లు వేయిస్తున్నారు. నేను కింద నీళ్లు పట్టి వడగడుతున్నాను. మొదటి బాటిల్ వడగట్టి పక్కన పెట్టగానే, పిలవకుండానే వచ్చి రచన దాన్ని పైకి పట్టుకుపోయింది. దమ్ము రాక ఆ పిల్ల కూలబడితే, మీ దగ్గర మిగిలిన పొద్దుటి మంచినీళ్లు ఆమెకు తాగించారు. మీరు కొత్త బాటిల్ మూత తిప్పుతూ పైనుంచి కేక వేసి అడిగారు. నేను కిందనుంచి సాఫే అక్కా అన్నాను. మీరు గటగటా తాగేశారు.

తర్వాతి సంగతి మనిద్దరికీ తెలిసిందే. మీరు సేఫేనా అని అడిగారు. నేను సాఫేనా అని విన్నాను. గాలి ఉంది, వాగు చప్పుడుంది. మా గల్లీలో ఏదైనా సాఫే కదక్కా. కడిగిన గిన్నె సాఫ్, ఊడ్చిన వాకిలి సాఫ్, దాపరికం లేని మాట సాఫ్. వడగట్టావా అని అడిగారనుకున్నాను, వడగట్టానన్నాను. మాత్ర వేయడం ఇంకా మిగిలే ఉంది. నేను పైకి వచ్చేసరికి సగం బాటిల్ ఖాళీ. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే అందరూ భయపడతారని, వాగు నీళ్లు తేటగానే ఉన్నాయి, ఏం కాదులే అని ఊరుకున్నాను. ఇది కూడా మీకు తెలుసు, హాస్పిటల్లో మీ మంచం పక్కన నిలబడి ఏడుస్తూ చెప్పాను.

పదహారో రోజున మీకు జ్వరం మొదలైంది. టైఫాయిడ్ అన్నారు. పేగు దెబ్బతిన్నదని, రక్తం పోయిందని, ఇరవై రెండు రోజులు మంచం మీద ఉంచారు. ఆ ఫిబ్రవరిలోనే కదా మీరు ఉత్తరాన కొండల్లో, పర్వతారోహణ నేర్పేవాళ్ల కోర్సుకు వెళ్లాల్సింది. నలభై దాటితే తీసుకోరు, మీకు అప్పటికి ముప్పై తొమ్మిది నిండి ఏడు నెలలు. ఎనిమిదేళ్లు పీటీ పీరియడ్లు చెప్పుకుంటూ, పొద్దున్నే సరూర్‌నగర్ చెరువు చుట్టూ బరువుల సంచితో పరుగెత్తుకుంటూ సంపాదించుకున్న సీటు. మీ బూట్లు కొత్తవి, మంచం కింద డబ్బాలోనే ఉండటం నేను చూశాను. మీ అమ్మగారు ఆ డబ్బాను కాలితో లోపలికి తోసి నాకు కుర్చీ వేశారు.

మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. సాఫ్, సేఫ్ సంగతి చెప్పగానే కాసేపు నా ముఖం చూసి, నవ్వారు. అంత నీరసంలో కూడా నవ్వారు. తప్పు నాదే, పాతబస్తీ పిల్లను ఇంగ్లీషుల అడిగిన, మాత్ర ఏసినవా అని తెలుగుల అడిగితే అయిపోతుండె అన్నారు. ఆ మాటతో నన్ను ఇంటికి పంపేశారు. నేను బస్సులో ఊపిరి పీల్చుకున్నాను, సిగ్గులేకుండా.

ఆ తర్వాత అది నవ్వులాటగా మారింది. గ్రూపు పేరు సాఫా సేఫా అని మార్చారు. శ్రీహిత దుకాణానికి వస్తే పాలు సాఫా సేఫా అని అడుగుతుంది. మా అమ్మ వచ్చిన ప్రతి గిరాకీకీ చెబుతుంది, గింత చదువుకున్నది, సాఫ్‌కు సేఫ్‌కు ఫరక్ తెల్వదు నా బిడ్డకు అని. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. మీరు మాత్రం నవ్వుతూనే ఒక్కొక్కటిగా వదిలేశారు. ముందు గ్రూపు వదిలారు, తర్వాత ఆదివారం నడకలు వదిలారు, సంచి ఎవరికో ఇచ్చేశారట. నాతో మీకు గొడవేమీ లేదు, కానీ రెండేళ్లలో నన్ను ఒక్కసారి కూడా రమ్మని పిలవలేదు. నేనూ రాలేదు. మీకు నా మీద కోపం ఉందని, అది నాకు తగినదేనని అనుకుని లోపల లోపల ఊరటపడ్డాను. ఇప్పుడు తెలిసింది, మీ కోపమంతా మీ మీదేనని.

అక్కా, మీరు లీడర్‌గా తప్పు చేయలేదు. ఒక చెవి, ఒక మాట పొరబడ్డాయి, అంతే. దానికి మీరు అడవినే మానుకుంటారా? పది మంది పిల్లల డిసెంబర్ మీ చేతిలో ఉంది. ఇరవై ఐదులోపు శ్రీహితకు ఒక్క ఫోన్ చేసి సరేననండి. నేను చెవుల డాక్టరుకు చూపించుకుంటాను కావాలంటే. క్షమించమని హాస్పిటల్లో అడిగాను, ఇప్పుడు మళ్లీ రాతపూర్వకంగా అడుగుతున్నాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మా అమ్మ మిమ్మల్ని అడిగానని రాయమంది, మీకని గడ్డ పెరుగు పక్కన పెడుతుంది, మీరు రారు, సాయంత్రం మేమే తింటాం.

మీ దగ్గర నడక నేర్చుకున్న,
తనూజ

తా.క. సోమవారం పొద్దున.

అక్కా, కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్లి, వెనక్కి తెచ్చాను. చింపి మళ్లీ చదివాను. ఇన్ని పేజీలు రాసి, చెప్పాల్సిన ఒక్క మాట దగ్గర మళ్లీ అదే అబద్ధం రాశాను. క్షమాపణ అడుగుతూ కూడా అబద్ధమే. ఈ కాగితాలు మార్చను, నేను ఎలాంటిదాన్నో మీకు తెలియాలి కాబట్టి వాటిని అలాగే పంపుతున్నాను. ఇప్పుడు సాఫ్ సాఫ్‌గా చెబుతాను.

మీరు సేఫేనా అన్నారు. నాకు సేఫేనా అనే వినపడింది.

నా పౌచ్‌లో మాత్రలు లేవు. ఆ నెలలో మా గల్లీ నల్లాలో మురికి వాసన వస్తుంటే, జట్టు మాత్రలు ఒక్కొక్కటిగా మా ఇంటి డ్రమ్ములో వేసేశాను. వెళ్లేలోపు కొత్తవి తేవచ్చులే అనుకుని మరిచిపోయాను. వాగు దగ్గర పౌచ్ తెరిస్తే ఖాళీ పట్టీ కనపడింది. స్టవ్ ఉంది, మరిగిస్తే సరిపోయేది. కానీ అలా చేయాలంటే మాత్రలు ఏమయ్యాయో చెప్పాలి. పొద్దున మీరు నా భుజం మీద చెయ్యేసి అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ఏం చెప్పాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటూ ఉండగానే పైనుంచి మీరు అడిగారు. సేఫే అంటే అబద్ధమవుతుంది, కాదంటే పరువు పోతుంది. సాఫే అన్నాను. వడగట్టిన నీళ్లు సాఫే కదా, ఇది అబద్ధం కాదు కదా అని ఆ క్షణంలోనే నాకు నేను చెప్పుకున్నాను. మీకు సేఫ్ అని వినపడుతుందని నాకు తెలుసు. వినపడాలనే కొంచెం నమిలి అన్నాను.

ఇంకొకటి ఉంది. మీరు తాగాక మిగిలిన నీళ్లన్నీ స్టవ్ మీద పెట్టి బాగా మరిగించాను. చలికి వేడి నీళ్లే మంచివని, అప్పుడు తట్టిన సాకు పిల్లలకు చెప్పాను. నువ్వు తల్లి లెక్క చూస్తవే వీళ్లను అని మీరు నన్ను మళ్లీ మెచ్చుకున్నారు. నేనూ ఆ మరిగించిన నీళ్లే తాగాను. వాగు నీళ్లు ఒక్క గుక్క కూడా ముట్టుకోలేదు. నాకు తెలుసు కాబట్టే ముట్టుకోలేదు.

హాస్పిటల్లో నిజం చెబుదామనే వచ్చాను. నోరు తెరిస్తే చెవి మీదికి నెట్టేశాను. మీరు నవ్వారు, తప్పు మీ నెత్తిన వేసుకున్నారు. అంత తేలిగ్గా వదిలేస్తారని నేను అనుకోలేదు. వదిలేశాక తిరిగి తెచ్చుకునే ధైర్యం రాలేదు. మీ సీటు నా వల్ల పోయింది. దాన్ని ఎవరూ తెచ్చివ్వలేరు. ఈ రెండేళ్లూ మీరు మిమ్మల్ని తిట్టుకున్న ప్రతి రోజూ నా వల్లే పోయింది.

ఇందాక శ్రీహితను, రచనను దుకాణానికి పిలిచి ఇదంతా చెప్పేశాను, మా అమ్మ ముందే. మీకు ముందు చెబితే మీరు నన్ను కాపాడాలని ఎవరికీ చెప్పరు, అది నాకు తెలుసు. రచన ఏడ్చింది, బాటిల్ తీసుకెళ్లింది తానేనని. నీ తప్పు కాదని ఎంత చెప్పినా వినలేదు, ఆ పిల్లతో మీరొకసారి మాట్లాడండి. శ్రీహిత మెట్లు దిగిపోయింది. మా అమ్మ అప్పటినుంచి ఫ్రిజ్ తుడుస్తూనే ఉంది.

నన్ను క్షమించమని ఈసారి అడగను. డిసెంబర్‌కు నన్ను పిలవొద్దు, పిలిచినా రాను. పిల్లలను మాత్రం మీరే తీసుకుపోండి. ఆ రోజు మీరు సక్కగనే అడిగిండ్రక్కా.